గంగారాం జరిపిన ఇసుక దిబ్బ

ముంబైల వర్లి కాడ ఒక ఆఫీసు ఊడ్చి తుడిచే పనికి మనిషి కావాలని సూపర్‌వైజర్ సాయికుమార్ కామాఠిపురకు వచ్చిండు. కొన్ని నెలలసంది పనిలేక చాళిల తన అర్రల కూసున్న గంగారాం, ఆయనను చాయ్ బండి కాడ కూసోవెట్టి తన పాత కొలువు ముచ్చట మొదలువెట్టిండు.

"గాలికి ఇసుక ఎట్ల కొట్టుకపోతదో కంప్యూటర్ల చూసే ఆఫీసు సాబ్ అది. అందరు పెద్ద సదువులోళ్లే, ఏం ఫాయిదా? తెర మీద ఇసుక దిబ్బ గీసిండ్రు, గాలి లెక్కలు పోసిండ్రు, అది కదలదు. గోళ్లు కొరుక్కుంట కూసున్నరు. నేను తడిబట్టతోని పోచా కొడుతున్నోన్ని ఆగి, ఒక లెక్క మార్చుండ్రి అన్న. దిబ్బ జానెడు జరిగింది."

"నీకు లెక్కలెప్పుడొచ్చినయే?" అన్నడు పక్కన కూసున్న బుచ్చయ్య.

"ఇనరాదు. లెక్కల గాలికి దమ్ము లేదని, టేబుల్ ఫ్యాన్ తెచ్చి కంప్యూటర్ ఎనుక పెట్టి జోరుగ తిప్పిన. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? తెర మీద తుఫాను. పెద్దసారు బల్ల కిందికి దూరిండు. అంతట్లకే రాజస్థాన్ నుంచి ఫోను, మా ఎడారి కనవడ్తలేదు, మీ దిక్కేమన్న వచ్చిందా అని. అదప్పటికే సముద్రం దాటి దుబాయ్ బాట పట్టింది సాబ్. అక్కడి షేకు, ఉన్న ఇసుకకే జాగ లేదు, ఇంకా పంపకు అని ఏడ్చిండు. సరేతియ్ అని ఫ్యాన్ మొకం ఇటు తిప్పిన. ఎడారి మళ్ల దాని జాగల అది కూసుంది. దాని మీద పండుకున్న ఒంటెలు గూడ లేవలే."

సాయికుమార్ నవ్వలే. అంత మంచి పని ఎందుకు పోయిందని అడిగిండు. తన ముందట ఆ సదువులోళ్లకు సిగ్గైతున్నదని తనే ఇడిసిపెట్టిన అన్నడు గంగారాం.

పాల పాకెట్‌కు వచ్చిన భవాని అది ఇని ఆగింది. గంగారాంను అక్కడ పనికి పెట్టించింది ఆమెనే. ఆమె ఇంకా అదే ఆఫీసుల చేస్తది.

"ఫ్యాన్ పెట్టింది నిజమే సాబ్," అన్నది. "ఉడుకవోస్తున్నదని ఏసుకొని పండుకున్నడు. బల్ల మీద పరీక్షకు తెచ్చిన ఇసుక పళ్లెం ఉండె. అదంత లేచి మిషన్లల్ల పడ్డది. ఈయనను తెచ్చినందుకు నేను అందరి ముందట తలవంచుకొని నిలవడ్డ. ఇయ్యాల్టికి కీబోర్డులు దులుపుతనే ఉన్న."

గంగారాం ఇంకేదో చెప్పవోయిండు. సాయికుమార్ గిలాస కింద పెట్టి లేచిండు.

"నాకు ఊడ్చెటోడు గావాలె," అన్నడు. "ఊదెటోడు గాదు."