గట్టి ఎముకల మనిషి

వికలాంగుల సర్టిఫికెట్ల క్యాంపు, ఆఖరి రోజు. బల్ల వెనక డాక్టరు. ముందు, నడుము విరిచినట్టు వంగి నేలనే చూస్తున్న కాటమయ్య. పక్కన ఇంటర్ చదివే బిడ్డ వర్షిత. ఆ కాగితం చేతికొస్తే మూడు చక్రాల బండి వస్తుంది, రాకపోతే పాకుడే.

"ఎముకల మెషిన్ ప్లస్ ఆరు చూపించింది కాటమయ్యా. సంతోషించాలి."

"ఎందుకు సార్?"

"మైనస్ వస్తే ఎముకలు బలహీనం. ప్లస్ వస్తే గట్టివి. ఇవాళ వచ్చినవాళ్లలో నీ అంత గట్టి మనిషి లేడు. గట్టి మనిషికి బండి ఎట్లా ఇస్తారు?"

"గట్టి మనిషినే సార్. లేశి నిలవడాలంటే ఇద్దరు పట్టాలె."

"అది రాయడానికి కంప్యూటర్‌లో గడి లేదు."

"సార్, నేను చెప్త. మా బోరు నీళ్లల్ల ఫ్లోరైడు. గదే నాయిన ఎముకలల్ల కూసున్నది. బంధాలన్ని ఒక్క తీరు ఉండయి సార్. నీళ్లకు నీళ్లకు నడుమ ఉండేది హైడ్రోజన్ బంధం. పొయ్యి మీద పెడితే తెగి, ఆవిరైతది. నీళ్ల లోపట ఆక్సిజన్ హైడ్రోజన్‌ను పట్టుకునేది సమయోజనీయ బంధం. దానికి ఇరవై రెట్లు గట్టిది. మరిగిచ్చినా తెగది."

"ఆగు బిడ్డా. మీ అమ్మ నీళ్లు కాగవెట్టే పోసింది గద నాకు?"

"ఆవిరైంది నీళ్లు నాయినా. ఫ్లోరైడు గిన్నెలనే ఉన్నది. ఇంక చిక్కగైంది."

"అంటే మీ అమ్మ నర్సింగమ్మ నాకు కాగవెట్టి మరీ పోసిందన్నట్టు."

"అమ్మాయీ, త్వరగా చెప్పు."

"ఉప్పుది అయానిక బంధం సార్. నిప్పుల పెడితే ఎనిమిదొందల డిగ్రీల దాక కరగది. నీళ్లల్ల ఏస్తే మాత్రం నీళ్లే అన్ని దిక్కుల పట్టి గుంజి ఇడదీస్తయి. ఫ్లోరైడు, కాల్షియం గట్ల కాదు. ఎంత గుంజినా రావు. ఎముకల ముందుగాల ఉన్నదాన్ని ఎళ్లగొట్టి, దాని జాగల ఫ్లోరైడు కూసుంటది. పాతదానికంటె గట్టిగ పట్టుకుంటది."

"పాతదానికంటే గట్టిగా?"

"అవు సార్."

"రాస్తున్నాను. ఎముకలు గట్టివని కూతురు కూడా ఒప్పుకుంది."

"గట్టిగుంటే మంచిదన్ననా సార్? వంగవు అంటున్న."

"వంగవంటావు. మీ నాయన వంగే ఉన్నాడు. ఏదో ఒకటి చెప్పమ్మా."

"వంగినకాడనే గట్టివడ్డయి సార్."

"సార్, జర లేశి వచ్చి నా నడుం తడిమి చూడుండ్రి. మీకే ఎరుకైతది."

"అక్కర్లేదు. మెషిన్ చూసింది."

"మెషిన్‌కు చేతులున్నయా? ఒక్కసారి లెవ్వుండ్రి."

"అక్కర్లేదన్నాను కదా. ఎముకలు బలహీనపడ్డాక రా."

"ఎట్ల బలహీనపడతయి?"

"మంచినీళ్లు తాగు."

"నల్లా వచ్చినకాడికెల్లి గవే తాగుతున్న. లోపలి ఫ్లోరైడే నన్ను ఇడుస్తలేదు."

"రామన్నపేట బస్సు పోతాందంట నాయినా."

"పోనియ్యి. సార్, ఇరవై ఏండ్ల సంది నేను మనిషి మొకం చూడలే. చెప్పులే చూస్త. మీ బూట్లు పొద్దటి సంది ఒక్క ఏలు జరగలే."

"పని ఎక్కువ."

"చాయకు అందరు లేశిండ్రు."

"నాకు చాయ అలవాటు లేదు."

"బల్ల కింద కాళ్లు సాపే కూసున్నరు. మోకాలు మడుస్తలేరు. బూట్ల అడుగులు కొత్తగనే ఉన్నయి, నడిశినట్టు లేదు."

"నెక్స్ట్ ఎవరు? పిలవండి."

"నేనే ఆఖరు సార్."

"అయితే మీరు వెళ్లండి."

"పెద్దోళ్లు, మీరు లెవ్వకముందు మేమెట్ల పోతం? ముందుగాల మీరు లెవ్వుండ్రి."

"వెళ్లండయ్యా."

"లెవ్వుండ్రి సార్."

"... అమ్మా, ఆ తలుపు పెట్టు."

"తలుపెందుకు సార్?"

"పెట్టి, వచ్చి గీ రెక్క పట్టు. మెల్లగ. పద్నాలుగేండ్ల సంది గీడి క్వార్టర్ల బోరు నీళ్లే తాగిన."

"అయ్యో సార్. మరి మీకు మీరైనా ఆ కాగితం రాసుకోకపోయిండ్రు?"

"రాసుకుందామనే చూసిన బిడ్డా. నాకు ప్లస్ తొమ్మిది వచ్చింది."