చేయగలడు, ఇంకా చేయలేదు

షట్టరు సగం దించిన టైలరు షాపులో ఇద్దరే ఉన్నారు: ఆపరేషనయ్యాక చేతి కట్టు విప్పించుకున్న అన్నయ్య, తన చొక్కాకి గుండీ కుట్టుకుంటున్న చెల్లెలు.

“డాక్టరు నువ్వు కుట్టగలవన్నాడు కదా అన్నయ్యా?”

“ఆయనదేం పోయింది! సూది పట్టాల్సింది నా వేళ్లు.”

“నేను ఫోన్లో లోజ్బాన్ నేర్చుకుంటున్నా కదా, ఎవరో కూర్చుని తయారుచేసిన భాష. అందులో చేయగలడు గానీ ఇంకా చేయలేదంటే ‘నుహో’. చేయగలడు, చేశాడు కూడా అంటే ‘పుహి’. వేరు వేరు మాటలు.”

“ఇన్నేళ్లు కుట్టినవాణ్ని, నేను నుహోనా?”

“అది పాత చెయ్యి. ఈ చేతికి ఇంకా నుహోనే. చేతకాదని కాదుగా!”

“సర్లే. ఆ కుట్టేమిటే, గుండీకి ఉరేస్తున్నావా? ఇలా ఇవ్వు! కింద కాస్త వదులుంచి, దాని చుట్టూ దారం తిప్పాలి. చూడు, ఇలా.”

“చూస్తున్నా.”

“మరి కళ్లు తుడుచుకుంటావేం?”

“అన్నయ్యా, కుట్టేశావు.”

“... వంకరగా వచ్చింది.”

“వస్తే రానీ. ఇప్పుడు నువ్వు ఏ మాటో చెప్పనా?”

“నాకు తెలుసులే. లేచి ఆ షట్టరు పూర్తిగా ఎత్తు.”