మంచం కోళ్ళు

పన్నెండేళ్ళ క్రితం తన చేతులతోనే చేసిన టేకు మంచం ముందు రంపం పట్టుకుని కూర్చున్న వడ్రంగి మేస్త్రీ, ఆ ఇంటావిణ్ణి ఇంకొక్కసారి అడిగి చూశాడు.

“నాలుగు కోళ్ళూ కోసెయ్యాల్సిందేనా అమ్మా? అడుగున ఒక్కో పువ్వు చెక్కడానికి నాకో రోజు పట్టింది.”

“తప్పదు మేస్త్రీ. మా డాషండ్ కుక్కవి బెత్తెడు కాళ్ళు, బారెడు నడుం. ఇంకోసారి మంచం మీంచి దూకితే వెన్ను దెబ్బతిని వెనక కాళ్ళు పడిపోతాయన్నాడు డాక్టరు.”

“దాన్ని వేరే గదిలో పడుకోబెట్టొచ్చుగా?”

“పెట్టాం. వాడు వీధంతా వినేలా ఏడ్చాడు. మీ అయ్యగారు దిండు చంకన పెట్టుకుని వాడి గదికే వెళ్ళిపోయారు.”

“అయ్యగారా! కుక్క గడప తొక్కితే తాను ఇంట్లో ఉండనన్నారే?”

“ఇప్పుడు ఈయన గురక వింటేగాని వాడికి నిద్ర పట్టదు. వాడి తోక తగిల్తేగాని ఈయనకి పట్టదు.”

మేస్త్రీ నవ్వుకుంటూ కుక్కను మంచం పక్కన నిలబెట్టి, టేపుతో దాని కాలు కొలిచి, ఆ కొలతకే గీత గీశాడు. మధ్యాహ్నానికి నాలుగు ముక్కలూ నేల మీద పడ్డాయి. కుక్క దూకే పని లేకుండా, గడప దాటినంత సులువుగా మంచమెక్కి బోర్లా పడుకుంది.

“ముక్కలు పారెయ్యకండమ్మా. తర్వాత మళ్ళీ అతికిస్తాను.”

“తర్వాతంటే ఎప్పుడు మేస్త్రీ?”

‘కుక్క పోయాక’ అన్న మాట అతని నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. మంచం మీంచి అది అతన్నే చూస్తూ తోక ఊపుతోంది.

“అబ్బే, అతికించడమెందుకులెండి. వీటితో వాడికి సోఫా ఎక్కేందుకు మెట్లు చేస్తాను.”

ఆవిడ కళ్ళు తుడుచుకుని నవ్వేసింది.

“పువ్వులు బయటికి కనబడాలి మేస్త్రీ. మావాడికి షోకులెక్కువ.”