టిబెట్ తరఫున

ఐర్లండ్‌లోని నేస్ ఊళ్లో ఒక చిన్న ఫుట్‌బాల్ మైదానం. వానకు గ్యాలరీలోకి వచ్చిన ఒకాయన తెలుగులో ఫోన్ మాట్లాడి పెట్టేయగానే, అక్కడ ఒంటరిగా కూర్చున్న మనిషి పలకరించాడు.

“ఏ ఊరండీ మీది?”

“గుంటూరు. మీకు తెలుగెలా వచ్చు?”

“మేం టిబెట్ వాళ్లం. చిన్నప్పుడు చలికాలమంతా గుంటూరులోనే స్వెటర్లు అమ్మేవాళ్లం.”

“అయ్యో, మా అమ్మ మీ దగ్గరే కొనేది! బేరమాడి ప్రాణం తీసేది.”

“ఆ బేరాలు వినే తెలుగు నేర్చుకున్నానండీ.”

“ఇంతకీ ఈ మ్యాచ్ ఎవరిది?”

“దేశం లేనివాళ్ల జట్లు ఆడుకునే పోటీ. అదుగో, వరసలో నిలబడుతున్నది మావాళ్లే.”

“అవతలివాళ్లకి డప్పులు కూడా ఉన్నాయే. మీ తరఫున ఎవరొచ్చారు?”

“నేనే.”

“ఒక్కరేనా?”

“ఇక్కడే లెటర్‌కెన్నీ అనే ఊళ్లో మా టిబెట్ ఆవిడే ఒకరు ఉంది. ఆసుపత్రిలో డ్యూటీ పడింది, రాలేకపోయింది.”

“వాన తగ్గింది. నేను వెళ్లొస్తానండీ.”

“ఒక్క నిమిషం ఆగుతారా? ఇప్పుడు మా జాతీయగీతం వేస్తారు. నా పక్కన నిలబడండి.”

“నాకు ఆ పాట రాదు కదా.”

“పాడక్కర్లేదండీ. మావాళ్లు ఇటు చూసినప్పుడు ఇద్దరం కనబడితే చాలు.”