నేలవేము కషాయం

"సంచి ఇట్లియ్యి నాయనా."

"ఎందుకుమ్మా? దాంట్లో ఏముండాది? బువ్వ డబ్బీ, టవలు."

"మాత్రల అట్టలు చూస్తా."

"టోకెను పిలుస్తారేమో, ఆపక్క చూడు."

హిందూపురంలో కాన్సర్ డాక్టరు గది ముందర బెంచీ. ముదిగుబ్బ పక్క పల్లెలో గొర్రెలు మేపే చంద్రప్ప పేగు కాన్సర్‌కు అయిదు నెలలుగా కీమో మాత్రలు వాడుతున్నాడు. పక్కన కూతురు అశ్విని, ఇదే ఊరి ఫార్మసీ కాలేజీలో పరిశోధన చేస్తోంది. సంచి ఇద్దరి మధ్యా ఉంది. మొండితనంలో ఎవరికెవరూ తీసిపోరు కాబట్టి దాన్ని ఇద్దరూ వదలడం లేదు.

"మనకన్నా ముందు ఇంకా ఇద్దరుండారు. నువ్వు లోపలికి పోకముందే నాకు తెలియాల. రక్తపరీక్షలో కాన్సర్ పెరుగుతాందని వచ్చింది. ఈ మందు నీకు పనిచేయలేదనుకుంటాండాడు డాక్టరు. ఈ పొద్దే ఇది ఆపి, ఇంకా గట్టిది నరానికి ఎక్కిస్తాడంట. నీ ఒళ్లు తట్టుకుంటాదో లేదోనని ఆయనకే భయం."

"ఎక్కించనీలే. ధర్మవరం బస్సు మూడింటికి కదా?"

"బస్సు సంగతి ఇప్పుడెందుకు? మాత్రలు సరిగ్గా మింగినావా?"

"మింగినా."

"పొద్దున మూడు, రాత్రి మూడు?"

"మింగినా అంటాండా కదా. మీ అమ్మనడుగు."

"అడిగే వచ్చినా. పొద్దున్నే ఏందో చేదు కషాయం తాగుతాడు, ఆయనే కాచుకుంటాడు, నన్ను ముట్టనియ్యడు అనింది. ఏం కషాయమది?"

"గొర్రెలను పెనుకొండ దిక్కు తోలినారంట. ఈసారి మేపు లేక..."

"నాయనా!"

"నేలవేము."

"డాక్టరుకు చెప్పినావా?"

"ఆకే కదమ్మా. నువ్వడిగితే గుట్టెక్కి పీకి, మూటగట్టి నీ కాలేజీకి తెచ్చిచ్చింది నేనే కదా. అదేమన్నా విషమా?"

"ఏ మందుతో కలిస్తే ఏమయితాదో ఆయనకు తెలియాల. సంచి వదులు. వదులు నాయనా... ఇదేంది? పోయిన నెల అట్టలో మాత్రలు మిగిలే ఉండాయే. ఇది అంతకుముందుది. దీంట్లోనూ... సగమే మింగినావా?"

"అరవద్దు. నర్సమ్మ చూస్తాండాది."

"చూడనీ! ఎందుకు? వాంతులయితాయనా? అరికాళ్లు మండుతాయనా?"

"వాంతులకు బెదురుతానా నేను?"

"మరి ఎవురు చెప్పినారు నీకు? ఊర్లో ఆకుమందులిచ్చే ఓబుళప్ప తాతనా? పేరు చెప్పు, పోయి నిలదీస్తా. మనిషి పానంతో ఆడుకునేటోణ్ని ఊరికే వదల్ను."

"వదిలెయ్యమ్మా."

"వదల్ను. ఎవురు?"

"నువ్వే."

"నేనా?"

"ఉగాది ముందర ఫోన్ చేస్తివి కదా. నాయనా, నువ్వు తెచ్చిన నేలవేము గెలిచింది, దాని సత్తు కలిపితే కీమో మందు సగమేసినా కాన్సర్ కణాలు సచ్చిపోతాండాయి అంటివి. ఆ పొద్దు నీ గొంతులో ఎంత సంతోషమో."

"అయ్యో, అది గాజు గిన్నెలో నాయనా! గిన్నెలో పెంచిన కణాలు. నిన్ను సగం చేసుకోమని నేను చెప్పలేదు. ఎప్పుడూ చెప్పలేదు."

"చెప్పలేదు. నేనే చేసుకున్నా."

"సచ్చిపోతావు, తెలుస్తాందా? నా నోటితో నేనే నిన్ను..."

"ఏడవొద్దు. నీ పేరు డాక్టరుకు చెప్పన్లే."

"చెప్పాల! ఇద్దరం పోయి చెప్తాం. మందు పనిచేయక కాదు, నువ్వు మింగక పెరిగిందేమో. తెలిస్తే ఇదే మందు మళ్లీ నిండుగా ఇచ్చి చూస్తాడేమో. ఇంకా దారి ఉండొచ్చు నాయనా. నాకు భయమయితాంది."

"సరే, చెప్తాంలే. కండ్లు తుడుచుకో."

"చంద్రప్ప! చంద్రప్ప ఎవరండీ? లోపలికి రండి."

"నర్సమ్మ పిలుస్తాంది. లెయ్."

"లెయ్యను. ముందు నాకు చెప్పు. నాకు కూడా ఎందుకు దాచినావు?"

"గిన్నెలో సచ్చినంత మాత్రాన ఏమైతాది, మనిషిలో చూపించమని మీ పెద్ద సార్లు అన్నారని ఏడిస్తివి కదమ్మా. నయమైనాక వాళ్ల ముందర పోయి నిలబడదామనుకుంటి, ఇదో, ఈ మనిషేనని."