మిరప కల్లంలో మాత్రల పందెం

సలోమి కన్నకూతురికి మత్తుమందు పెడతందని అన్నదెవరే? నువ్వేనా? అయితే ఏం చూశావో చెప్పు. మత్తు చూశావా, పిల్ల తూలి పడటం చూశావా, ఏం చూశావు? ఏమీ చూళ్ళేదు. ఎవరో అన్నారు, నువ్వు విన్నావు, పోయి ఇంకో నాలుగిళ్ళలో అన్నావు. సరే, నేను కళ్ళతో చూసింది చెప్తా. ఆ తట్ట కింద పెట్టి కూర్చో. మధ్యలో లేచావంటే మళ్ళీ మొదట్నించీ చెప్తా, ఆపైన నీ ఇష్టం.

సలోమి మన కల్లంలో మిరపకాయ తొడిమలు తీసే మనిషే గదా. ఆమె కూతురు కెజియా మూడో తరగతి. ఆ పిల్ల సంగతి మీకు తెలుసు. కాలు నేల మీద ఆగదు, చూపు ఒకచోట ఆగదు, రెండు చెప్పులతో బడికి పోయి ఒక చెప్పుతో వచ్చుద్ది. ఒకసారి ఏమైందంటే, నీళ్ళ ట్యాంకు నిచ్చెనెక్కి "అమ్మా, ఇక్కణ్ణించి మనిల్లు అగ్గిపెట్టంతే ఉంది!" అని అరిచింది. కింద సలోమికి ప్రాణాలు పోయినాయనుకో. టీచరమ్మ మంచిది, కొట్టలా తిట్టలా, టౌన్లో పిల్లల డాక్టరమ్మకి చూపించమందంట. ఆ డాక్టరమ్మ పిల్లని ఆడించి, మాట్లాడించి, చాలాసేపు చూసి, దీన్ని ఏడీహెచ్‌డీ అంటారమ్మా, పిల్లకి తెలివి లేక కాదు, పొగరూ కాదు, ధ్యాస నిలవకపోవటం పుట్టుకతో వచ్చింది, పొద్దున్నే ఈ మాత్ర వెయ్యి అనిందంట. వేసింది. పిల్ల కూర్చుంది! కూర్చోటమే కాదు, పుస్తకంలో కథ తల్లికి చదివి వినిపించింది. సలోమికి చదువు రాదు గదా, వింటా ఏడ్చిందంట. అంతా బాగానే ఉంది గానీ, మధ్యాహ్నం బువ్వ ముట్టదు. కట్టిన క్యారేజీ కట్టినట్టే తిరిగొచ్చుద్ది. పక్కటెముకలు బయటికొచ్చినాయి. ఇంక చుట్టుపక్కల వాళ్ళు ఊరుకుంటారా, బిడ్డని ఎండబెట్టి చంపుతున్నావే, ఆపెయ్యవే అని ఒకటే పోరు. ఆపితే చదువు పోద్ది, ఆపకపోతే పిల్ల పోద్ది. పాపం, ఆ తల్లి ఎటు పోవాల?

మన కల్లంలోనే ఇంకో ఇద్దరున్నారు చూడు. మస్తాన్‌బీ కొడుకు జానీ, పోలయ్య కొడుకు ఏడుకొండలు. అదే డాక్టరమ్మ, అదే పేరు పెట్టింది, మందులు మాత్రం వేరే వేరే ఇచ్చింది. కాయలు ఏరతా ఏరతా ఈ ముగ్గురు పెద్దాళ్ళకీ రోజూ అదే మాట. మస్తాన్‌బీ ఏమో, "మావాడిది గొట్టం మాత్ర వదినా. పనిచెయ్యటానికి వారాలు పట్టుద్ది. మొదట్లో కడుపులో తిప్పిందిగానీ ఇప్పుడు శుభ్రంగా తింటన్నాడు" అంటది. పోలయ్య ఏమో, "మావాడిది సాయంత్రం ఏసే బిళ్ళక్కా. అబ్బ, ఏం నిద్రపోతాడనుకున్నావ్! పెళ్ళయినాక మొన్ననే నేను ఒక సినిమా మొదట్నించి చివరిదాకా చూశా" అంటాడు. "నిద్రపుచ్చటానికి మందెందుకయ్యా, నీ మాటలు చాలవూ?" అని మస్తాన్‌బీ. "నీ గొట్టం వారాలకి పనిచేస్తే అప్పటికి నీ కొడుకు పెళ్ళీడుకొస్తాడు" అని పోలయ్య. అలా వాదులాడుకుంటా ఉంటే, సలోమి ఏమందో తెలుసా? "వదినా, నీ మాత్రలు నాలుగు నాకియ్యి, నావి నాలుగు నువ్వు తీస్కో, మారుద్దాం" అంది. మజ్జిగ తోడు అడిగినట్టు అడిగింది! మస్తాన్‌బీ కూడా సంచిలో చెయ్యి పెట్టేసింది. నేను ఆగండే అన్నా. అని ఊరుకున్నానా? ఊరుకోలా. కొనేవాడు కూడా బస్తాలోంచి గుప్పెడు కాయ తీసి చూస్తాడు, మీరు చూడకుండా మారుస్తారా అన్నా. అంతే, పోలయ్య ఎగిరి, "అయితే పందెం!" అన్నాడు. మనకి తెలిసిన పరీక్ష ఒకటే గదా. మనిషి సంగతి కుప్ప ముందు కూర్చోబెడితే తెలిసిపోద్ది. ఆదివారం ముగ్గురు పిల్లలకీ ఎవరి మందు వాళ్ళకేసి తీసుకురావాల, ఎర్రకాయ ఒక పక్క, రంగు పోయిన తాలుకాయ ఒక పక్క ఏరాల, ఎవరు ఎక్కువసేపు కదలకుండా ఏరితే ఆ మందే మంచిది, సలోమి ఇంక ఆ మందే వేస్తది. అంతమందిమి ఉన్నాం గదా, ఒక్కళ్ళన్నా ఇదేం తెలివే అనాల్నా వద్దా? అనలా.

ఆదివారం వచ్చింది. జానీ కూర్చున్నాడు, చకచకా ఏరాడు. మస్తాన్‌బీ మొహం వెలిగిపోతంది. తీరా చూస్తే వాడు ఏరిన ఎర్రకాయలతో పట్టా మీద రైలు కట్టాడు, తాలుకాయలతో దానికి పొగ పెట్టాడు. ఏడుకొండలు మాత్రం తల వంచినవాడు ఎత్తలా. పోలయ్య మీసం దువ్వి, "చూడండే, మునిలాగా ఎలా కూర్చున్నాడో!" అంటన్నాడు. మస్తాన్‌బీ వంగి చూసి, "మునీ లేదు గినీ లేదు, గురక పెడతన్నాడయ్యా నీ కొడుకు!" అంది. ఏమైందంటే, సాయంత్రం వెయ్యాల్సిన బిళ్ళ పందేనికి తాజాగా పనిచెయ్యాలని పొద్దున్నే వేసుకొచ్చాడంట ఆ మహానుభావుడు. గాభరాపడి లేపాం. కళ్ళు నులుముకుని మంచినీళ్ళడిగాడు, అప్పుడొచ్చింది మాకు నవ్వు. ఇంక కెజియా. రెండు కాయలు ఏరిందో లేదో, ముంగిస కనపడింది. లేచి దాని వెంట కుప్ప మీదినించే పరిగెత్తింది. కుప్ప జారింది, ఘాటు లేచింది, కల్లమంతా తుమ్ములే తుమ్ములు! సలోమి ఆ కారం చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. ఇంక చెప్పేదేముంది, కళ్ళు చింతనిప్పులు. "ఓడిపోయా వదినా, నీ మాత్రలే ఇయ్యి" అంది. మస్తాన్‌బీ ఇచ్చేసింది కూడా.

ఇంతలో బువ్వల టైమయింది. కెజియా తల్లి పక్కన కూర్చుని తన గిన్నె ఖాళీ చేసింది, తల్లి గిన్నె కూడా లాక్కుని తింటంది. నాకు అనుమానమొచ్చింది. "ఏమ్మే, మాత్ర వేస్తే మధ్యాహ్నం తినదన్నావు, ఇయ్యాళ గిన్నె కూడా మింగేటట్టుందే?" అన్నా. కెజియా నోటినిండా ముద్ద పెట్టుకునే, "ఇయ్యాళ మాత్ర ఎయ్యలేదుగా జేజమ్మా. అమ్మ నాకు కొత్త రిబ్బన్లు కట్టి, మాత్ర కిటికీలో పెట్టి మర్చిపోయింది" అంది. మస్తాన్‌బీ నెత్తి కొట్టుకుని, "మందుకి పందెం కట్టి, మందే మర్చిపోయి వచ్చావా వదినా!" అంది. పోలయ్య ఊరుకుంటాడా, "ఈ పిల్ల ఎవరి పోలికో ఇప్పుడు తెలిసింది" అన్నాడు. అందరం నవ్వాం. సలోమి నవ్వలా. పిల్ల తింటంటే చూస్తా కూర్చుంది. మాత్ర లేకపోతే ఇంత తింటదా అనుకుందో, మాత్ర లేకపోతే ఇలా పరిగెత్తుద్దా అనుకుందో, ఆ మొహం చూడలేకపోయాననుకో.

మర్నాడు నేనే ముగ్గుర్నీ పిల్లలతో సహా లాక్కుని టౌన్లో ఆస్పత్రికి పోయా. డాక్టరమ్మ అంతా విని, ముందు పోలయ్యని, సాయంత్రం బిళ్ళ పొద్దున వేస్తావా, పిల్లోడికి ఏమన్నా అయ్యుంటే అని దులిపేసింది. వాడు "పందెం గదమ్మా" అని నసిగాడు. తర్వాత మిగతా వాళ్ళని, ఒకరి మందు ఒకరికి మారుస్తారా, ఏ పిల్లకి ఏది పడుద్దో చూసి ఇవ్వటానికి నేనున్నాగా అని కడిగేసి, ఎవరి మాత్రలు వాళ్ళకి తిరిగిప్పించింది. అప్పుడు కెజియాని తూకం వేసి, మాత్ర మోతాదు తగ్గించి, మాత్రకి ముందే కడుపునిండా పెట్టు, సాయంత్రం ఆకలేసినప్పుడు మళ్ళీ పెట్టు, నెలనెలా తెచ్చి చూపించు, అప్పటికీ చిక్కితే వేరేది చూద్దాం అని చెప్పింది. పిల్లనడిగింది, మాత్ర వేసుకుంటే నీకెలా ఉంటదమ్మా అని. కెజియా ఆలోచించి, "ఏసుకుంటే టీచరు చెప్పేది చివరిదాకా వస్తది. ఏసుకోకపోతే మధ్యలో బస్సొస్తది, కుక్కొస్తది" అంది. సలోమి పిల్ల తల మీద చెయ్యేసి, "అయితే ఏద్దాంలే అమ్మా" అంది. ఇప్పుడు చీకటితోనే లేచి అన్నం వండి పెడతంది. పిల్ల కాస్త ఒళ్ళు చేసింది. పోలయ్య, మస్తాన్‌బీ ఇంకా ఎవరి మందు గొప్పదో తేల్చుకోలేదు, అది వేరే సంగతి.

అలా కుదుటపడ్డ మనిషి నిన్న మళ్ళీ నా దగ్గరకొచ్చి ఏడ్చింది. నీ మాట చెవిన పడి, మాత్రల అట్ట కాలవలో పారెయ్యబోయిందంట. మీకేం తెలుసే? నేనూ ఆ పిల్లలాంటిదాన్నే. కూర్చోబెడితే కూర్చునేదాన్ని కాదు. మా కాలంలో మాత్రల్లేవు, తాడుండేది. మా అయ్య పనికిపోతా పోతా నన్ను పందిరి గుంజకి కట్టేసి పోయేవాడు. రెండో తరగతితో నా చదువు అయిపోయింది. ఇదిగో, ఈ మణికట్టు చూడు. మీ అవ్వలూ తాతలూ అంతా ఆ దారినే పోయేవాళ్ళు, నేను అరుస్తానే ఉండేదాన్ని. ఇయ్యాళ మాత్రకి ఇంతమంది లేచారే, ఆ రోజు తాడుకి ఒక్కళ్ళూ రాలేదేం?