రేవురాయి

కొల్లేటి ఒడ్డున, ప్రభుత్వం కంచె వేసి కాపాడుతున్న పాత కోట పక్కనే ఉన్న రేవులో వీరదుర్గ బట్టలు ఉతుకుతుంటే పురావస్తు శాఖ ఉద్యోగి వచ్చాడు.

“ఆ రాయి మీద ఉతక్కండమ్మా. కోట కాలంనాటిది. దాన్ని మ్యూజియానికి తీసుకెళ్లాలి.”

“మొన్న గోడ ముట్టుకోవద్దన్నారు, ఇవాళ రాయి ఇమ్మంటున్నారు. రేపు మమ్మల్ని కూడా అద్దాల్లో పెడతారేంటండీ?”

“ఆరొందల ఏళ్లదమ్మా! శాసనం కూడా ఉంది.”

“మా అత్తగారి అత్తగారూ దీనిమీదే ఉతికారండి. ఇంతకీ ఏం రాసుందేంటి?”

అతను విసుగ్గానే వంగి, రాతి పక్కనున్న అక్షరాలు తడుముతూ చదివాడు.

“ఈ రేవుకు వచ్చే ఆడవాళ్ల కోసం... మాచమ్మ... వేయించిన రాయి.”

వీరదుర్గ తడిచీర అందుకుంది.

“విన్నారుగా! ఆవిడ మాకే ఇచ్చారు. కాస్త జరగండి, మీ మీద నీళ్లు పడతాయి.”

అతను ఒక ఫొటో తీసుకుని పక్కకి జరిగాడు.